జాన్ బారీమోర్ నిజంగా అంత గొప్ప నటుడా? ఎక్కడ వెతికినా తాగుడు కథలే దొరుకుతున్నాయి

వెన్నెల_రీలు
నిన్న రాత్రి 'ప్లేమేట్స్' అని 1941 నాటి హాలీవుడ్ సినిమా చూశాను. కే కైసర్ అనే బ్యాండ్ మాస్టర్ హీరో. అందులో జాన్ బారీమోర్ తన సొంత పేరుతోనే కనిపిస్తాడు. రోజులు బాగాలేని పాత నటుడు ఈ బ్యాండ్ మాస్టర్‌కి షేక్‌స్పియర్ నేర్పించాలి, అదీ కథ. సినిమా అంతా ఆయన్ని ఆటపట్టించడమే. మధ్యలో ఒకచోట మాత్రం హ్యామ్లెట్ స్వగతం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి గొంతు మారిపోయింది, కళ్ళలో నీళ్ళు. నాకు ఒళ్ళు జలదరించింది. మరుక్షణం మళ్ళీ అదే పిచ్చి కామెడీ.

ఈయన సంగతేంటో తెలుసుకుందామని అర్ధరాత్రి దాకా వెతికాను. తాగి స్టేజీ మీద ఏం వాగాడు, నాలుగు పెళ్ళిళ్ళు, ఇప్పటి హాలీవుడ్ నటి డ్రూ బారీమోర్‌కి తాత. ఇంతే! ఆ రోజుల్లో అమెరికాలో ఇంతటి నటుడు లేడన్నారంటే ఏం చూసి అన్నట్టు? ఆ పని గురించి ఎవరూ రాయరేం? తెలిసినవాళ్ళు చెప్పండి. నిజంగా కోపంగా ఉంది నాకు.

రీలు_రామం
చివరి సినిమాతో మొదలుపెట్టారు, అదీ చిక్కు. ఆ తర్వాత ఆర్నెల్లకే పోయాడాయన. వెనక్కి వెళ్ళండి.

సూటిగా_చెప్తా
తాగుడు కథలే దొరుకుతున్నాయంటే తాగాడు కాబట్టే కదా. ఉన్నదాన్ని చేతులారా పాడుచేసుకున్నవాణ్ణి మనం ఎందుకు మొయ్యాలి?

నాటకాల_నరసింహం
సూటిగా గారూ, ఒక్క నిమిషం ఆగండి. మనిషి ఏం పాడుచేసుకున్నాడో తెలియాలంటే ముందు ఏం సంపాదించాడో తెలియాలి కదా.

1882లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. అమ్మమ్మ లూయిసా లేన్ డ్రూ ఆ ఊళ్ళో ఆర్చ్ స్ట్రీట్ థియేటర్‌ని 1861 నుంచి ముప్ఫై ఏళ్ళు నడిపింది. ఆ కాలంలో ఒక ఆడమనిషి నాటకాల కంపెనీని పట్టి నడపడమంటే ఊహించండి. తల్లి జార్జియానా, మేనమామ జాన్ డ్రూ, అన్న లయొనెల్, అక్క ఎథెల్, అందరూ నటులే. తండ్రి మారిస్ పుట్టింది మన దేశంలో, కంపెనీ దొరల కాలంలో. అసలు పేరు హెర్బర్ట్ బ్లైత్. నాటకాల్లోకి వచ్చాక బారీమోర్ అని పెట్టుకున్నాడు.

ఇంత వంశం ఉన్నా జాన్‌కి నాటకం ఇష్టం లేదు. బొమ్మలు గీయాలని ఆశ. లండన్‌లో స్లేడ్ స్కూల్లో చదివాడు, న్యూయార్క్‌లో పత్రికకి బొమ్మలు వేశాడు. ఆ ఉద్యోగం నిలవలేదు, డబ్బుల్లేవు, 1903లో ఇంటి వృత్తిలోకి దిగాడు. తర్వాత పదేళ్ళు చేసినవన్నీ తేలికపాటి హాస్యపాత్రలు. 1909లో 'ది ఫార్చ్యూన్ హంటర్' అనే నాటకం బ్రహ్మాండంగా ఆడింది. అందగాడు, సరదా మనిషి, అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు కథ 1916లో మొదలవుతుంది. రాత్రికి రాస్తాను, ఇప్పుడు బజారుకెళ్ళాలి.

కడప_కుర్రోడు
ఇంటిల్లిపాదీ నాటకమే అంటే మా సురభి వాళ్ళు గుర్తొచ్చారు. అక్కడా అంతే, పసిబిడ్డ నడక నేర్చేది స్టేజీ మీదే.

రీలు_రామం
1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం కథ చెప్పకుండా వెళ్ళిపోయారేంటి మాస్టారూ! ఆ రాత్రి ఈయన ఆ ఊళ్ళోనే ఉన్నాడు, కంపెనీతో ఆస్ట్రేలియా వెళ్ళాల్సినవాడు. రాత్రంతా తిరిగొచ్చి పార్టీ బట్టల్లోనే ఉన్నాడట. సైనికులు పట్టుకుని ఇటుకలు ఏరించారని ఇంటికి ఉత్తరం రాశాడు. అది చదివిన మేనమామ, మా వాణ్ణి మంచం మీంచి లేపడానికి భూమి కంపించాల్సి వచ్చింది, పని చేయించడానికి సైన్యం రావాల్సి వచ్చింది అన్నాడట 😄

తెనాలి_తాయారు
మేనమామలంతా ఒక్కటే 😄 మా మామయ్య అచ్చం ఇలాగే అంటాడు.

సూటిగా_చెప్తా
సరే నరసింహం గారూ, ఇప్పటిదాకా మీరు చెప్పినదాంట్లో నాకు కనబడింది ఇంటిపేరు ఒక్కటే. బామ్మకి థియేటరు, మామకి పేరు, ఉద్యోగం పోతే నాటకం ఉండనే ఉంది. ఇంకొకడికి ఆ అవకాశం వస్తుందా?

మూకీ_మోహన్
అవకాశం ఇంటిపేరుతోనే వచ్చింది, కాదనలేం. కానీ ఒకటి చూడండి. లయొనెల్ కూడా చిత్రకారుడు కావాలనుకున్నవాడే, నాటకం వదిలేసి పారిస్ వెళ్ళి బొమ్మలు నేర్చుకున్నాడు. ఆ అన్నదమ్ములిద్దరూ పారిపోదామని చూసి తిరిగొచ్చినవాళ్ళే. మన దగ్గర పిల్లల్ని హీరోలుగా దించే తొందర వేరు, ఇది వేరు.

నాటకాల_నరసింహం
మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్దదవుతుంది.

ఎడ్వర్డ్ షెల్డన్ అనే నాటక రచయిత జాన్‌కి స్నేహితుడు. నువ్వు నవ్వించడంతో ఆగిపోకూడదని పట్టుబట్టింది ఆయనే. (తర్వాత ఆ షెల్డన్‌కి కీళ్ళ జబ్బు చేసి మంచాన పడ్డాడు, చూపూ పోయింది. మంచంలో ఉండే నటులకి సలహాలు చెప్పేవాడు.) అలా 1916లో ఇంగ్లీషు రచయిత గాల్స్‌వర్దీ రాసిన 'జస్టిస్' అనే నాటకం చేశాడు. అందులో జాన్ ఒక ప్లీడరు ఆఫీసు గుమస్తా. కష్టంలో ఉన్న ఒక స్త్రీ కోసం చెక్కు దిద్ది జైలుకెళ్తాడు. ఒంటరి గదిలో వేస్తారు. ఆ నాటకంలో ఒక సీనుంది, ఒక్క మాట కూడా లేదు. ఖైదీ గదిలో అటూఇటూ తిరుగుతాడు, తలుపుకి చెవి పెడతాడు, చివరికి ఎక్కడో ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు దగ్గరికొస్తుంటే తనూ పిచ్చిపట్టినట్టు బాదడం మొదలుపెడతాడు. తెర. అందగాడని టిక్కెట్టు కొన్నవాళ్ళకి అక్కడ అందం ఏమీ లేదు, తల దగ్గరగా కత్తిరించిన భయపడ్డ మనిషి ఒకడున్నాడు, అంతే.

ఆ తర్వాత వరస చూడండి. 1917 'పీటర్ ఇబెట్సన్', 1918లో టాల్‌స్టాయ్ నాటకం 'రిడెంప్షన్', 1919లో అన్న లయొనెల్‌తో 'ది జెస్ట్', 1920 మార్చిలో షేక్‌స్పియర్ 'రిచర్డ్ 3', 1922 నవంబరులో 'హ్యామ్లెట్'. ఆరేళ్ళు! తేలికపాటి కామెడీల నుంచి హ్యామ్లెట్ దాకా ఆరేళ్ళలో ఎక్కిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

రిచర్డ్ కోసం గొంతుని పూర్తిగా మార్చుకున్నాడు. మార్గరెట్ కారింగ్టన్ అని పాటలు మానేసిన గాయని, నటుడు వాల్టర్ హ్యూస్టన్ అక్క, ఆమె దగ్గర కూర్చుని ఊపిరి దగ్గర్నుంచి నేర్చుకున్నాడు. అప్పటికి వయసు దాదాపు 38. పేరొచ్చేశాక శిష్యుడిలా నేల మీద కూర్చోవడం ఎంతమందికి చేతనవుతుంది? ఇది ఇంటిపేరుతో వచ్చేది కాదు సూటిగా గారూ.

సూటిగా_చెప్తా
ఆ చివరి మాట ఒప్పుకుంటున్నాను. అక్కడిదాకా సరే.

వెన్నెల_రీలు
ఆ తలుపు సీను చదువుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి మాస్టారూ. అది సినిమాగా తీయలేదా?

నాటకాల_నరసింహం
జాన్‌తో తీయలేదమ్మా. అదే బాధ. పైన రాసిన ఆరేళ్ళ పనిలో మనం కళ్ళతో చూడగలిగేది దాదాపు శూన్యం. ఫోటోలు, పత్రికల్లో సమీక్షలు. మన బళ్ళారి రాఘవ గారి సంగతీ ఇంతే కదా, ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసు వాళ్ళు, ఆయన 1880లో పుట్టారు. స్టేజీ మీద ఆయన్ని చూసినవాళ్ళు కథలు కథలుగా చెప్పుకున్నారు, మనకి మిగిలింది 'రైతుబిడ్డ' లాంటి ఒకటి రెండు సినిమాలు.

మూకీ_మోహన్
పూర్తిగా శూన్యం కాదు మాస్టారూ. రిచర్డ్ రిహార్సల్స్ జరుగుతున్న రోజుల్లోనే పగలు సినిమా, రాత్రి నాటకంగా ఆయన చేసిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' (1920) ఉంది. కాపీరైటు లేదు, యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

వెన్నెల గారూ, మీరు చూడాల్సింది మంచివాడైన డాక్టర్ జెకిల్ తను తయారుచేసిన రసాయనం మొదటిసారి తాగి దుర్మార్గుడు హైడ్‌గా మారే సీను. గ్లాసు ఎత్తి తాగుతాడు. ఒళ్ళంతా మెలితిరిగిపోతుంది, జుట్టు ముఖం మీద పడుతుంది, తల ఎత్తేసరికి హైడ్! మేకప్ ఇంకా రాలేదు, షాటు కోయలేదు. కింది దవడ, కనుబొమలు, మెడ నరాలు, ఇవే. ఆ తర్వాత కెమెరా చేతి మీదికి వెళ్ళి తిరిగొచ్చేసరికి మేకప్ హైడ్ వస్తాడు, కోలగా ఉన్న తల, పొడుగాటి వేళ్ళు. కానీ మొదటి కొన్ని క్షణాలు ఆ మనిషి ముఖం ఒక్కటే పని చేసింది.

ఇంకో సరదా విషయం. ఒకసారి హైడ్ మళ్ళీ జెకిల్ అయ్యే సీన్లో ఒళ్ళు కుదుపుతుంటే పెట్టుడు వేలు ఒకటి ఊడి ఎగిరిపోతుంది. అది అలాగే ఉంచేశారు. కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తే దొరుకుతుంది.

కడప_కుర్రోడు
వేలు కోసం వెళ్తున్నా. ఇప్పుడే వస్తా.

సూటిగా_చెప్తా
నేను చూశాను ఆ సినిమా. కళ్ళు తిప్పడం, పళ్ళు బయటపెట్టడం, ఎగరడం. దీన్నే అతి అంటారు మన దగ్గర.

మూకీ_మోహన్
హైడ్ ఒక్కణ్ణే చూస్తే అలా అనిపిస్తుంది. పక్కన జెకిల్‌ని చూడండి. మొదటి అరగంటలో చెయ్యి కూడా పెద్దగా కదపడు. ఒకే మనిషి, ఒకే రోజున తీసిన షాట్లు కూడా ఉండొచ్చు. ఆ తేడా తెలియడానికే హైడ్‌ని అంత పెంచాడని నా నమ్మకం. సాలీడు సీను చూశారా, మంచం మీదికి పాకే పెద్ద సాలీడు? దానికి నాకు ఇప్పటికీ భయమే.

కడప_కుర్రోడు
రెండుసార్లు చూశా. వేలు కనబడలేదు. మోహన్ అన్నా, ఆట పట్టిస్తున్నావా?

మూకీ_మోహన్
ఒట్టు, ఉంది. నిదానంగా చూడు తమ్ముడూ.

వెన్నెల_రీలు
నేనూ చూశాను. గ్లాసు సీను మూడుసార్లు. మోహన్ గారు చెప్పింది నిజం, తల ఎత్తగానే ఇంకో మనిషి. సరే, ఇప్పుడు హ్యామ్లెట్ చెప్పండి. 101 ప్రదర్శనలు అని ఎక్కడ చూసినా ఉంది. ఆ అంకెలో ఏముంది?

నాటకాల_నరసింహం
ఎడ్విన్ బూత్ అని పందొమ్మిదో శతాబ్దపు మహానటుడు. లింకన్‌ను కాల్చిన జాన్ విల్క్స్ బూత్‌కి సొంత అన్న. ఆయన న్యూయార్క్‌లో హ్యామ్లెట్‌ని వరుసగా 100 రాత్రులు ఆడాడు. ఆ వంద పూర్తయిన కొన్ని వారాలకే తమ్ముడు ఆ ఘోరం చేశాడు. అప్పట్నుంచీ ఆ వందని పెద్దవాళ్ళు దేవుడి పటంలా చూసుకున్నారు. బారీమోర్ 101 ఆడి ఆపేశాడు. బూత్ అభిమానులు ఇది మర్యాద కాదన్నారు. ఆయన మాత్రం కావాలనే ఒకటి ఎక్కువ ఆడాడు.

అంకె సంగతి పక్కన పెట్టండి. ఆ ప్రదర్శనే కొత్త. దర్శకుడు ఆర్థర్ హాప్కిన్స్, రంగాలంకరణ రాబర్ట్ ఎడ్మండ్ జోన్స్. స్టేజీ మధ్యలో పెద్ద మెట్ల వరస, వెనక ఎత్తైన కమాను, ఇంతే సెట్టు. కోట బొమ్మల తెరలు లేవు. దెయ్యం పాత్రకి మనిషిని నిలబెట్టలేదు, ఒక వెలుగు, ఒక గొంతు. తల్లి గెర్ట్రూడ్‌గా వేసిన బ్లాంష్ యుర్కా వయసులో జాన్ కంటే చిన్నది! తల్లీకొడుకుల మధ్య ఆ వింత ఆకర్షణ బయటపడాలనే అలా చేశారు, మనసు లోతుల గురించి ఫ్రాయిడ్ చెప్పిన మాటలు అప్పుడప్పుడే వ్యాపిస్తున్న రోజులు. ఇక మాట సంగతి. అప్పటిదాకా స్వగతం అంటే సభకి వినిపించే పద్యం. ఈయన దాన్ని మనిషి తనలో తాను అనుకునే మాటలా చెప్పాడు. మన పద్యనాటకం వాళ్ళకి ఈ మార్పు ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. రాగం తీయకుండా పద్యం చదివితే ముందు వరసలో ఏమంటారో తెలుసు కదా.

తెనాలి_తాయారు
తెలుసు. లేచి వెళ్ళిపోతారు.

రీలు_రామం
లండన్‌లో మాత్రం ఎవరూ లేచి వెళ్ళలేదు. 1925 ఫిబ్రవరిలో హేమార్కెట్ థియేటర్లో ఆడాడు. ఒక అమెరికన్ వచ్చి ఇంగ్లీషువాళ్ళకి హ్యామ్లెట్ చూపించడం! జనం విరగబడి వచ్చారు. బెర్నార్డ్ షా మాత్రం షేక్‌స్పియర్ మాటలు ఇన్ని కోసేస్తావా అని పెద్ద ఉత్తరం రాశాడు. ఆ ఆట చూసినవాళ్ళలో, తర్వాత ఇంగ్లండులో మహానటుడైన లారెన్స్ ఒలీవియే ఉన్నాడు, అప్పటికి 17 ఏళ్ళు. జీవితాంతం దాని గురించి చెప్పాడాయన.

వెన్నెల_రీలు
ఆగండాగండి. 1925లో లండన్ కూడా గెలిచాడు. మరి తర్వాత స్టేజీ మీద ఏం చేశాడు?

రీలు_రామం
ఏమీ చెయ్యలేదు. మళ్ళీ నాటకం ఎక్కింది 1939లో. 14 ఏళ్ళ తర్వాత.

వెన్నెల_రీలు
ఎందుకు????

సూటిగా_చెప్తా
డబ్బు. వార్నర్ బ్రదర్స్ కాంట్రాక్టు, పడవ, బంగళా. ఇందులో రహస్యం ఏముంది?

నాటకాల_నరసింహం
డబ్బు ఒక కారణం, కాదనను. కానీ ఈయనకి మొదట్నుంచీ ఒక బలహీనత ఉంది. పాత్రని పట్టుకునేదాకా ప్రాణం పెడతాడు, పట్టుకున్నాక రోజూ అదే చెయ్యాలంటే ఊపిరాడదు. రిచర్డ్ కూడా జనం వస్తుండగానే నెల తిరక్కుండా ఆగిపోయింది. ఆ బరువు కవచం, ఆ గొంతు, పగలు సినిమా, ఇంట్లో గొడవలు, మనిషి కుప్పకూలి విశ్రాంతి కోసం వెళ్ళాడు. ఏళ్ళ తరబడి ఒకే వేషం వేసి మెప్పించే నటులు వేరు. ఈయన చిత్రకారుడు. బొమ్మ అయిపోయాక దాన్నే మళ్ళీ గీయమంటే గీస్తాడా?

నైట్_షిఫ్ట్
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. తండ్రి సంగతి ఎవరూ చెప్పలేదు. మారిస్ బారీమోర్‌కి 1901లో స్టేజీ మీదే మతి చలించింది. 19 ఏళ్ళ జాన్ ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి బెల్‌వ్యూ ఆస్పత్రిలో చేర్చాడు. నాలుగేళ్ళ తర్వాత ఆ తండ్రి పిచ్చాసుపత్రిలోనే పోయాడు. అప్పటికే తల్లి లేదు, ఆమె క్షయతో పోయేసరికి ఈ పిల్లాడికి 11 ఏళ్ళు. తనకీ తండ్రి గతే పడుతుందని జాన్ బతికినంత కాలం భయపడ్డాడు. రోజూ రాత్రి స్టేజీ మీద మతి చలించిన మనిషిగా, తండ్రి దెయ్యంతో మాట్లాడే కొడుకుగా నిలబడాలి. అది వంద రాత్రులు చేసినవాణ్ణి ఇంకెందుకు చెయ్యలేదని అడగాలంటే నాకు నోరు రావట్లేదు.

వెన్నెల_రీలు
ఇది నాకు తెలియదు. 

సూటిగా_చెప్తా
నాకూ తెలియదండీ. కానీ కష్టం అందరికీ ఉంటుంది. లయొనెల్‌కీ ఎథెల్‌కీ ఆయనే తండ్రి. వాళ్ళు నిలబడ్డారు కదా. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి, ఈయనకి కనీసం నామినేషన్ కూడా లేదు. నా దృష్టిలో ముగ్గురిలో గొప్ప లయొనెలే.

మూకీ_మోహన్
లయొనెల్ గట్టి నటుడే, కానీ లయొనెల్‌ని చూస్తే తర్వాత ఏం చేస్తాడో ముందే తెలిసిపోతుంది. జాన్‌ని చూస్తే తెలియదు. దీని మీద ఎంతసేపైనా వాదిస్తాను 🙂

ముగ్గుర్నీ ఒకేచోట చూడాలంటే ఒకటే సినిమా, 'రాస్‌పుటిన్ అండ్ ది ఎంప్రెస్' (1932). లయొనెల్ రష్యా రాజు కొలువులో చక్రం తిప్పిన సాధువు రాస్‌పుటిన్, ఎథెల్ రాణి, జాన్ ఆ రాస్‌పుటిన్‌ని చంపే యువరాజు. ఇందులో తన పరువు తీశారని రష్యా యువరాణి ఇరీనా యూసుపోవ్ లండన్‌లో దావా వేసి 25,000 పౌన్లు గెలిచింది. సినిమాల మొదట్లో "ఇందులోని పాత్రలు కల్పితాలు" అని వేస్తారే, అది పాకిపోయింది ఆ కేసు దెబ్బకే.

కడప_కుర్రోడు
ఆ కార్డు వెనక ఇంత కథ ఉందా! మన సినిమాల్లో రోజూ చూసేదే కదా అది.

రీలు_రామం
నా మనసులో ఎప్పట్నుంచో ఉన్నది ఒకటి చెప్తాను. 1926 ఆగస్టు 6న 'డాన్ జువాన్' విడుదలైంది. వైటాఫోన్ పద్ధతిలో సంగీతం, శబ్దాలు బొమ్మతో కలిపి వినిపించిన మొదటి పెద్ద సినిమా. హీరో జాన్ బారీమోర్. అమెరికా స్టేజీ మీద అంతటి గొంతు ఇంకోటి లేదన్నారు కదా, ఆ గొంతున్న మనిషి సినిమాకి శబ్దం వచ్చిన మొదటి రోజునే తెర మీద ఉన్నాడు. కత్తులు ఖణేల్‌మంటాయి, గంటలు మోగుతాయి, ఆయన నోరు మాత్రం వినబడదు! మాటలు పెట్టలేదు. ఏడాది తర్వాత అదే కంపెనీలో అదే దర్శకుడు అలన్ క్రాస్‌లాండ్ నటుల మాటలు కూడా వినిపించిన 'జాజ్ సింగర్' తీశాడు.

1929లో 'షో ఆఫ్ షోస్' అనే రంగురంగుల కదంబంలో మాత్రం ఆయన రిచర్డ్ స్వగతం ఒకటి ఉంది, 'హెన్రీ 6' మూడో భాగంలోది. కొన్ని నిమిషాలే. వెన్నెల గారూ, మీరు అడిగిన సాక్ష్యం అదే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

వెన్నెల_రీలు
విన్నాను. "ఇంత చిన్న గొంతులోంచి అంత పెద్ద మనిషి" అని మా ఆయన అన్నాడు. అరవడు. గొణిగినా పళ్ళ మధ్య నుంచి ప్రతి అక్షరమూ వినబడుతోంది. ఇక టాకీల్లో ఏవి చూడాలి?

మూకీ_మోహన్
1932 నుంచి 1934 దాకా ఏది పట్టుకున్నా నష్టం లేదు. 'గ్రాండ్ హోటల్', ఆ ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికే, గ్రెటా గార్బో పక్కన. 'ఎ బిల్ ఆఫ్ డివోర్స్‌మెంట్', ఇది కాథరిన్ హెప్‌బర్న్ మొదటి సినిమా. నైట్_షిఫ్ట్ గారు చెప్పింది చదివాక దాన్ని చూడాలంటే గుండె దిటవు చేసుకోవాలి. అందులో జాన్ ఏళ్ళ తర్వాత పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకుని ఇంటికొచ్చిన తండ్రి.

'డిన్నర్ ఎట్ ఎయిట్' (1933) మాత్రం తప్పకుండా. అందులో ఆయన పాత్ర లారీ రెనాల్ట్, రోజులు అయిపోయిన తాగుబోతు హీరో. హోటల్ గది ఖాళీ చెయ్యమంటారు, చేతిలో చిల్లిగవ్వ లేదు. తలుపు సందులు మూస్తాడు, గ్యాసు తిప్పుతాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, దీపం వెలుగు తన ముఖం పక్కభాగం మీద సరిగ్గా పడేట్టు సర్దుకుంటాడు. చచ్చిపోయాక దొరికే శవం కూడా అందంగా కనబడాలి! బారీమోర్‌కి అమెరికా పెట్టిన ముద్దుపేరే 'గొప్ప ప్రొఫైల్', ఎడమవైపు ముఖం కెమెరాకి ఇవ్వడం ఆయన అలవాటు. తన మీద లోకం చెప్పుకునే ప్రతి మాటనీ తీసుకెళ్ళి ఆ సీన్లో పెట్టాడు. దాచుకోలేదు.

సూటిగా_చెప్తా
ఆ సీను నాకు తెలుసు. అది చూసినప్పుడు నేనూ మాట్లాడలేదు.

తెనాలి_తాయారు
'ట్వెంటియెత్ సెంచరీ' (1934) వదిలేశారు! కామెడీ అంటే అదీ. నాటకాల కంపెనీ యజమాని ఆస్కర్ జాఫీగా, కరోల్ లోంబార్డ్‌కి ఎక్కడ నిలబడాలో నేల మీద సుద్దముక్కతో గీతలు గీస్తాడు. కేక సరిగ్గా రావట్లేదని వెనక నుంచి గుండుసూది గుచ్చుతాడు! మా ఊళ్ళో పరిషత్తు నాటకాలకి రిహార్సల్స్ చేయించిన ప్రతి మాస్టారూ నాకు ఆయనలో కనబడ్డారు.

పరిషత్తు అంటే గుర్తొచ్చింది. మా చిన్నాన్న మంచి కృష్ణుడు. ఒకసారి పోటీల్లో రాయబారం సీన్లో పద్యం రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. పాతికేళ్ళుగా పాడుతున్న పద్యం. హార్మోనిస్టు శ్రుతి లాగుతూనే ఉన్నాడు, వింగులో ప్రాంప్టరు గట్టిగానే అందిస్తున్నాడు, ఈయన చెవికి ఎక్కట్లేదు. నేను ముందు వరసలో ఉన్నాను. కిరీటం కింద నుంచి చెమట కారి రంగు చారలు కట్టడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. తర్వాత ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు, ఆయనా మళ్ళీ రంగు పూసుకోలేదు. అందుకే డైలాగులు మర్చిపోయే తాగుబోతు అని ఎవరైనా నవ్వితే నేను నవ్వలేను.

నాటకాల_నరసింహం
తాయారు గారూ, 'కౌన్సెలర్ ఎట్ లా' (1933)లో సరిగ్గా ఇదే జరిగింది. దర్శకుడు విలియం వైలర్. చిన్న సీను, మాటలు రావట్లేదు. టేకు మీద టేకు, సాయంత్రం అయింది, ఆపేసి ఇంటికెళ్ళారు. మర్నాడు పొద్దున వచ్చి మొదటి టేకులోనే చెప్పేశాడు. అదే ఏడాది చివర రంగుల్లో హ్యామ్లెట్ తీద్దామని చిన్న పరీక్ష తీశారు. తన ప్రాణమైన మాటల దగ్గరే తడబడ్డాడు. ఆ సినిమా రాలేదు. ఆ తర్వాత కెమెరా పక్కన పలకల మీద డైలాగులు రాసి పట్టుకునేవారు, అవి చూస్తూ చెప్పేవాడు.

నైట్_షిఫ్ట్
ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాళ్ళకి జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. నేను వార్డులో రోజూ చూస్తాను. పాతికేళ్ళ కిందటి పాట మొత్తం పాడతారు, పొద్దున ఏం తిన్నారో చెప్పలేరు. ఆ కంగారు బయటపడకూడదని జోకులేస్తారు, కోపం తెచ్చుకుంటారు. అది పొగరు కాదు. సూటిగా గారూ, తప్పు ఆయనదే అనండి, నేను వాదించను. కానీ అది జబ్బు కూడా.

సూటిగా_చెప్తా
మా నాన్న తాగేవాడు. అందుకే నాకు ఈ విషయంలో ఓపిక తక్కువ. మీరు చెప్పింది చదివాను.

తెనాలి_తాయారు
🙏

రీలు_రామం
పలక చూసి చెప్పిన రోజుల్లో కూడా ఆయన ఏం చేశాడో చూడాలంటే 'మిడ్‌నైట్' (1939). ఫోన్ సీను ఉంటుంది. జ్వరంతో ఉన్న చిన్నపిల్లలా గొంతు పెట్టి మాట్లాడతాడు, ముఖమేమో పెద్దమనిషిది. పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. అంతకుముందు 'ట్రూ కన్ఫెషన్' (1937)లో ఆయన్ని పెట్టుకోమని పట్టుబట్టింది కరోల్ లోంబార్డ్. సుద్దగీతలు మర్చిపోలేదు ఆ పిల్ల.

నాటకాల_నరసింహం
1937లోనే ఎన్‌బీసీ రేడియోలో ఆరు షేక్‌స్పియర్ నాటకాలు కుదించి చేశాడు. రేడియోకి కాగితం చూసి చదవచ్చు, మర్చిపోతానన్న భయం లేదు. రికార్డింగులు ఉన్నాయి. 55 ఏళ్ళ అలసిపోయిన గొంతే, అయినా వినండి. 1939లో నాటకానికి తిరిగొచ్చిన 'మై డియర్ చిల్డ్రన్' గురించి మాత్రం నేను ఎక్కువ రాయను. షికాగోలో నెలల తరబడి హౌస్‌ఫుల్. జనం వచ్చింది ఈయన ఎక్కడ తడబడతాడా, ఏం వాగుతాడా అని. హ్యామ్లెట్ ఆడినవాడికి ఆ గది నిండటం ఎలా ఉండి ఉంటుంది?

ఫిలడెల్ఫియా_పద్మ
ఇంత మంచి చర్చకి ఆలస్యంగా వచ్చాను. నేనుండేది ఈ ఊళ్ళోనే. వాళ్ళ అమ్మమ్మ నడిపిన ఆర్చ్ స్ట్రీట్ థియేటర్ ఇప్పుడు లేదు, 1936లో కూల్చేశారు.

ఆయన 1942 మే నెలలో రేడియో కార్యక్రమం రిహార్సల్లో పడిపోయి, పది రోజుల తర్వాత 29న పోయారు. 60 ఏళ్ళు. ముందు లాస్ ఏంజలెస్‌లో ఉంచారు, 1980లో కొడుకు ఇక్కడికి తెచ్చి మౌంట్ వెర్నన్ శ్మశానంలో పెట్టాడు. చాలా ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. నేను వెళ్ళిన రోజున గేటుకి తాళం. కమ్మీల మధ్య నుంచి చూస్తే మనిషెత్తు పిచ్చిమొక్కలు, వాటిలో మునిగిన రాళ్ళు. ఎదురుగా లారెల్ హిల్ శ్మశానానికి మాత్రం పర్యాటకులు వస్తున్నారు. ఆయన రాయి మీద హ్యామ్లెట్ నాటకంలో పుర్రెని చేత్తో పట్టుకుని అనే మాట చెక్కారు, "పాపం యోరిక్" అని. యోరిక్ అంటే రాజుగారి విదూషకుడు కదా. నేను రాయి దాకా వెళ్ళలేకపోయాను. పూలు గేటుకే కట్టి వచ్చాను.

వెన్నెల_రీలు
పద్మక్కా, మళ్ళీ వెళ్తే మా అందరి తరఫునా ఇంకో పువ్వు.

నిన్న రాత్రి 'డిన్నర్ ఎట్ ఎయిట్' చూశాను, పొద్దున్నే లేచి రేడియో హ్యామ్లెట్ సగం విన్నాను. 'ప్లేమేట్స్'లో ఆ ఒక్క నిమిషం ఏంటో ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు పలక మీద రాసి ఉన్నా లేకపోయినా, ఆ మాటలు ఆయనకి తెలుసు. మాస్టారూ, మీకు వీలైతే 'జస్టిస్' సీను గురించి ఇంకాస్త రాయండి. పుస్తకంగా దొరుకుతుందా ఆ నాటకం?

నాటకాల_నరసింహం
దొరుకుతుందమ్మా, ఇంగ్లీషులో ఉచితంగానే ఉంది. మూడో అంకం మూడో రంగం. ఒక పేజీ మించి ఉండదు, అన్నీ సూచనలే. నిలబడి చదవండి, నడుస్తూ.

కడప_కుర్రోడు
వేలు దొరికింది!!! నిదానంగా పెట్టి చూశా. మోహన్ అన్నా, క్షమించు.